వరుసలో ఐదుగురు

నవంబరు 8, శనివారం

మ్యాపులో ఇందిరాపురం నడిబొడ్డున ఒక గడి ఎర్రగా ఉంది. దాని చుట్టూ అన్నీ తెల్లటివే. వారం రోజులుగా కళ్లు మూసుకున్నా అదే కనిపిస్తోంది. ఎదుట ప్రత్యర్థి లేకపోతే నాకు ఆలోచన సాగదు. అందుకని ఈ పుస్తకంతో వాదించుకుంటాను.

మా ప్రొఫెసర్ సుభాషిణి మేడమ్ ప్రాజెక్టులో నా పని ఢిల్లీ చుట్టుపక్కల నేలను చిన్నచిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో లేమి ఎంతో అంచనా కట్టడం. లేమి ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే తెలుపు. సర్వే మనుషులు అన్ని గడులకూ వెళ్లలేరు. కొన్ని చోట్ల కొన్ని ఇళ్లను మాత్రమే అడుగుతారు. అడగని చోట ఏముందో జనాభా లెక్కల నుంచి, ఉపగ్రహ చిత్రాల నుంచి, ఇరుగుపొరుగు గడుల నుంచి మేం ఊహించాలి.

ఇదంతా నేనుండే జియా సరాయ్‌లో టీ కొట్టు దగ్గర జశ్వంత్‌కు చెబితే పగలబడి నవ్వాడు. వాడిది విజయవాడ. మా డిబేట్ సొసైటీలో నాకు సరిజోడునని వాడి నమ్మకం.

"అంటే పక్కింటోడు బిర్యానీ తింటే నాకు తేన్పులొస్తాయంటావ్."

"నీ కడుపు గురించి ఏ ఆధారమూ లేనప్పుడు అలా అనుకోవడమే న్యాయం. ఆధారం దొరికిన రోజున దాన్నే నమ్ముతాం."

"నువ్వెప్పుడన్నా గది దాటి ఒక్క పేదోడి మొహం చూశావా తల్లీ? రంగులేసుకుంటా కూర్చుంటావ్."

ఎర్రగడి సంగతి వాడికి చెప్పలేదు. అక్కడ ఊహ కాదు, ఆధారమే ఉంది. సర్వే జరిగిన చోటును చూపే చుక్క ఒకటి సరిగ్గా ఆ గడిలో పడింది. ఆ చుక్కకు చెందిన ఇళ్ల పట్టికలో ఇంటికొక వరుస ఉంటుంది, అందులో చివరి వరుస నాకు కంఠతా వచ్చేసింది. సభ్యులు ఐదుగురు. గది ఒకటి, కిటికీ లేదు. గోడలు సిమెంటు, కప్పు సిమెంటు. పుట్టిన పిల్లలు నలుగురు, బతికి ఉన్నవారు ముగ్గురు. వస్తువులు: ప్రెషర్ కుక్కర్, గోడ గడియారం. తల్లి మాతృభాష: తెలుగు.

మ్యాపును పెద్దది చేస్తూ పోయాను. చుక్క వచ్చి మా సదాశివరావు బాబాయి ఉంటున్న అపార్టుమెంట్ల మీద ఆగింది.

నవంబరు 16, ఆదివారం

వాళ్లు ఉన్నారు. ఇవాళ చూశాను.

బాబాయి వాళ్ల సొసైటీకి సెక్రటరీ. భోజనాల దగ్గర అడిగాను, మీ ఆవరణలో పేదవాళ్లెవరైనా ఉంటున్నారా అని.

"మెయింటెనెన్స్ కట్టమంటే ఏడ్చేవాళ్లంతా పేదోళ్లయితే మా సొసైటీ అంతా పేదోళ్లేనమ్మా, రాసుకో."

"ఆయన్నడిగితే ఏం చెబుతారే?" అంది కమలాకుమారి పిన్ని. "మోటార్లు చూసే ధర్మయ్య లేడూ, పెళ్లాం పిల్లల్తో కింద పంపు గదిలోనే ఉంటాడు. మన తెలుగోళ్లే, పాలమూరు వైపు. ఆ అన్నమ్మే నా చీరలకి ఫాల్స్ కుట్టేది."

బాబాయి పెరుగన్నం మీంచి తలెత్తలేదు. "నాకు తెలీదు."

"తెలీకపోవడమేంటి బాబాయ్? పిన్ని ఇప్పుడే..."

"నాకు తెలిస్తే కమిటీకి తెలియాలి. కమిటీకి తెలిస్తే ఫైర్ డిపార్టుమెంటుకి తెలియాలి. అందుకని నాకు తెలీదు. మజ్జిగ పోసుకో."

ఈ మాటలోని తర్కదోషాన్ని ఎత్తిచూపబోయాను. పిన్ని నా కంచంలో గోంగూర వేసి కళ్లతోనే వారించింది.

కార్లు నిలిపే అంతస్తుకు కింద ఇంకొక అంతస్తు ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. బయటి పొగమంచు అక్కడిదాకా దిగి స్తంభాల మధ్య నిలబడింది. మెట్లు దిగుతున్నకొద్దీ చెవులకంటే ముందు పళ్లకు తెలిసింది, మోటారు హోరు. ఆ చివర ఇనప తలుపు, తలుపు వెనక దీపం. దీపం కింద మిషను మీద వంగి ఒకామె.

"కమల మేడం పంపిండ్రా? చీర ఇంక కాలే."

చీర కోసం కాదని చెప్పాను. సర్వేలో ప్రశ్నలు ఎలా ఉంటాయో అలాగే అడగాలని నిశ్చయించుకున్నాను. పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "ఇక్కడ..." అన్నాను.

"ఒక్కటే అర్ర మేడం. కిటికీ లేదు."

నేను అడగబోయింది అదే. కానీ ఇంకా అడగలేదు.

"వస్తువులు..."

"కుక్కరున్నది. గడియారమున్నది. ఇంకేం లేవు. మిషిను గూడ కిరాయిదే."

కుక్కరు, తర్వాత గడియారం. వరుసలో ఉన్న క్రమం కూడా అదే. మిమ్మల్నెవరైనా ఇంతకుముందు వచ్చి అడిగారా అన్నాను.

"రేషన్ కాడ అడిగిండ్రు, దవాఖానల అడిగిండ్రు, బడిల అడిగిండ్రు. అందరు గివే అడుగుతరు గద."

"ఇక్కడికి వచ్చి అడిగారా?"

"ఈడికెవరొస్తరు మేడం?"

తర్వాతి ప్రశ్నకు నేను నోరు తెరవక ముందే ఆమె అంది: "ఆరుగురం."

నా పెన్ను ఆగింది. "ఐదుగురు కదా?" అన్నాను. ఆమె సూది వదిలి నా ముఖంలోకి చూసింది. ఇల్లు తనదో నాదో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"ఆరుగురమే మేడం. నలుగురు పిల్లలు, మేమిద్దరం. అగో, సిన్నోడు నిద్రవోతున్నడు."

మోటారుకూ ఈ గదికీ మధ్య ఉన్న గోడకు ఆనించి పాత చీరతో ఉయ్యాల. అందులో నెలల పిల్లవాడు. నాని అని పిలుస్తారట. గోడతో పాటు ఉయ్యాల కూడా సన్నగా వణుకుతోంది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

వస్తుంటే అన్నమ్మ తలుపు దాకా వచ్చింది. "ఎవరికీ చెప్పరు గద మేడం? ఆల్లకు తెలిస్తే ఉండనియ్యరు."

"మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి," అన్నాను.

"అంటే చెప్పరనే గదా?"

"చెప్పను."

నవంబరు 17, సోమవారం

ఆరు ఎందుకు?

నవంబరు 23, ఆదివారం

సర్వే తర్వాత ఒకడు పుట్టాడనుకుంటే సరిపోతుందని ఆశపడ్డాను. సరిపోదు. వరుసలో అప్పటికే నలుగురు పుట్టారు, ఒకరు లేరు. అన్నమ్మకు పుట్టింది నలుగురే. నలుగురూ కళ్లముందున్నారు. తక్కినదంతా అద్దంలో చూసినట్టు ఒకటే. ఈ ఒక్క అంకె ఎదురు తిరుగుతోంది.

బిస్కట్లు తీసుకుని మళ్లీ వెళ్లాను. నేనక్కడ ఉండగానే కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో నాని గుక్కపట్టి ఏడ్చాడు.

"మోటరు బందైతే లేస్తడు," అంది అన్నమ్మ. "పుట్టిన కాడికెల్లి గా సప్పుడు మీదనే పండుతడు. అమ్మ జోలపాడితే పండడు, మిషిను పాడాలె ఈ దొరకు."

పెద్దపిల్ల ఉయ్యాల మీదికి వంగి పెదవులు మూసుకుని అచ్చం మోటారులా మ్మ్ అని లాగింది. వాడు ఊరుకున్నాడు. చీకట్లో ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. పిల్ల నుంచో, గోడ నుంచో.

నన్ను ఎత్తుకోమన్నారు. ఎత్తుకున్నాను. వాడు అనుకున్నంత బరువు లేడు.

నవంబరు 25, మంగళవారం

జశ్వంత్‌కు చెప్పాను. పేరు చెప్పలేదు, చోటూ చెప్పలేదు. పంపు గది, ఆరుగురు, తెలుగువాళ్లు, అంతే. వాడి నవ్వు ఆగిపోవడం చూడాలనిపించి చెప్పాను. ఆగింది.

డిసెంబరు 6, శనివారం

ఫైనల్స్‌కు విషయం ప్రకటించారు: "నగరంలోని పేదరికాన్ని గణాంకాలు కప్పిపుచ్చుతున్నాయి." జశ్వంత్ అవునంటాడు. నేను కాదంటాను. ఇంతకంటే తేలికైన విషయం నాకు ఎన్నడూ రాలేదు.

డిసెంబరు 13, శనివారం

గెలిచాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. జశ్వంత్ ఇంగ్లీషు మెరుగైనది, ఒప్పుకోవాలి. సగటు అనేది ధనికుడి దుప్పటి అన్నాడు. దాన్ని కప్పితే పక్కన వణికేవాడి కాళ్లు కనబడవన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆపైన నావైపు తిరిగాడు. "ఎదురుపక్షం వక్తను ఒకే ఒక్కటి అడుగుతున్నాను. మీ రంగుల గడుల్లో ఒక్క గడిలోనైనా, ఒక్క తలుపైనా, ఒక్క మనిషినైనా మాకు చూపించగలరా?"

చూపించాను.

తెల్లటి గడుల మధ్య ఎర్రగడి గురించి చెప్పాను. ఇందిరాపురం అన్నాను. సొసైటీ పేరు చెప్పలేదు. గేటు ముందు తొండం విరిగిన చలువరాతి ఏనుగు ఉందన్నాను. రెండు అంతస్తుల కింద, మోటారు పక్కన, కిటికీ లేని గదిలో ఒక కుటుంబం ఉందన్నాను. "మీ కళ్లు చూడలేనిదాన్ని నా లెక్క చూసింది. ఐదుగురు మనుషులు. ఇప్పుడు చెప్పండి, కప్పిపుచ్చింది ఎవరు?" సభ లేచి నిలబడింది.

ఏనుగు అవసరం. ఏనుగు లేకపోతే వాక్యం నిలబడదు.

దిగాక జశ్వంత్ చెయ్యి కలిపి, చెయ్యి వదలకుండానే అడిగాడు. "నాతో ఆరుగురన్నావుగా? స్టేజీ మీద ఐదుగురయ్యారేంటి? ఒకణ్ని ఎక్కడ పెట్టావ్?"

"ఆధారంలో ఐదుగురే ఉన్నారు."

"అబ్బో."

ఓడినవాడి మాట.

డిసెంబరు 15, సోమవారం

వీడియో ఎక్కడెక్కడికో పోతోంది. నేను పేరు చెప్పలేదు.

డిసెంబరు 17, బుధవారం

బాబాయి ఫోను చేశాడు. ఎప్పుడూ పిన్ని చేస్తుంది.

"ఏనుగు తొండంతో నీకేం పనమ్మా తేజశ్రీ?"

నేను సొసైటీ పేరు చెప్పలేదన్నాను.

"ఇందిరాపురంలో తొండం విరిగిన ఏనుగులు ఎన్నున్నాయనుకున్నావ్? పొద్దుణ్నించీ వాట్సాప్ గ్రూపులో అదే గోల. మన ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని ఒకడు, ఫైర్ అనుమతి రద్దవుతుందని ఇంకోడు. ఇంక నాకు తెలీదని నేనెలా అంటాను?"

"నిజం చెప్పడం తప్పంటారా?"

"నువ్వు పెద్ద చదువులు చదివావు, నీతో నేను వాదించలేను. ధర్మయ్యని ఉండమన్నాం. కుటుంబాన్ని పంపెయ్యమన్నాం. వాళ్లెక్కడుంటే నేనూ అక్కడే అన్నాడు. రాత్రికి రాత్రే పోయారు."

ఎక్కడికి అని అడిగాను.

"అది మాత్రం నిజంగానే తెలీదమ్మా."

డిసెంబరు 18, గురువారం

సుభాషిణి మేడమ్ పిలిచారు. వీడియో చూశారట. మెచ్చుకుంటారనుకున్నాను. తలుపు వేసి కూర్చోమన్నారు.

"ఆ పాయింట్ దగ్గరికి వెళ్లావా?"

"వెళ్లాను. దొరికారు."

"ఆ పాయింట్ అక్కడ లేదు తేజశ్రీ."

నాకు అర్థం కాలేదు. ఆవిడ కాగితం మీద ఒక చుక్క పెట్టి దాని చుట్టూ పెద్ద వృత్తం గీశారు. సర్వేకు జవాబిచ్చినవాళ్లను ఎవరూ వెతికి పట్టుకోకూడదని, బయటికి ఇచ్చే ముందు ప్రతి చుక్కనూ అసలు చోటు నుంచి కావాలనే జరుపుతారట. రెండు కిలోమీటర్ల లోపు, ఎటైనా. వృత్తంలో ఎక్కడైనా ఉండొచ్చు ఆ ఇల్లు. సరిగ్గా చుక్క పడిన చోటే ఉండే అవకాశం చాలా తక్కువ.

"డేటాతో పాటు ఇచ్చిన వివరణలో రెండో పేజీలోనే ఉంది. చదవలేదా?"

ఈ విశ్వవిద్యాలయంలో నేను చదవనిది ఏదీ లేదని పేరు.

"పైగా ఆ సర్వే జరిగి ఐదేళ్లయింది. నువ్వు చూసినవాళ్లు ఢిల్లీకి ఎప్పుడొచ్చారు?"

పోయిన ఏడాది. అన్నమ్మే చెప్పింది. అది రాసుకోలేదు, ఎందుకంటే ప్రశ్నావళిలో లేదు.

"మరి అన్నీ ఎలా సరిపోయాయి మేడమ్? గది, గోడలు, భాష, గడియారం కూడా..."

"సరిపోయే గది కోసం నువ్వు వెళ్లావు. అలాంటి గదులు ఈ ఊళ్లో ఎక్కడ దిగినా దొరుకుతాయి. అదే కదా మనం కొలుస్తున్నది?"

నాకు వెంటనే వాదన దొరికింది. ఆ వరుస అన్నమ్మ వాళ్లది కానప్పుడు, సర్వేకు జవాబిచ్చిన ఎవరి గుట్టునూ నేను బయటపెట్టలేదు. ఎవరినీ వెతికి పట్టుకోనని డేటా తీసుకునేటప్పుడు సంతకం చేసిన హామీని ఉల్లంఘించలేదు. పైగా వాళ్లు ఆరుగురు, వరుసలో ఐదుగురు. ఆ ఒక్క తేడాయే నా నిర్దోషిత్వానికి రుజువు. ఇదంతా చెప్పాను. మేడమ్ చివరిదాకా విన్నారు.

"వాదన గెలిచావు," అని కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

డిసెంబరు 21, ఆదివారం

పంపు గది కడిగి ఉంది. గోడకు గడియారం మేకు మిగిలింది. మోటారు ఆగకుండా మోగుతోంది. ఉయ్యాల కట్టిన కొక్కెం ఇంకా సన్నగా వణుకుతోంది.

పిన్ని నాకు తలుపు తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె చీర సగం ఫాల్‌తో కింద పంపు గది గూట్లోనే మడిచి పెట్టి ఉంది.

డిసెంబరు 24, బుధవారం

ధర్మయ్య ఫోను స్విచ్ఛాఫ్.

డిసెంబరు 25, గురువారం

స్విచ్ఛాఫ్.

డిసెంబరు 28, ఆదివారం

ఆరు తప్పు కాదు. ఆరే ఒప్పు. ఆ వరుస వాళ్లది కాదు.

చలి విపరీతంగా ఉంది. జియా సరాయ్‌లో నా గదికి కిటికీ ఉంది గానీ పక్క గోడలోకి తెరుచుకుంటుంది. గదులు ఒకటి, సభ్యులు ఒకరు, మాతృభాష తెలుగు. నేను కూడా ఏదో ఒక వరుసకు సరిపోతాను.

వాడు మోటారు లేకుండా ఎలా నిద్రపోతున్నాడో.

జనవరి 3, శనివారం

మేడమ్ చెప్పినట్టు చుక్కల అనిశ్చితిని పరిగణించి మొత్తం లెక్క మళ్లీ కట్టాను. ఒకే గడిలో గుచ్చుకున్న ఎరుపు చుట్టుపక్కల గడుల్లోకి పాకింది. ఇప్పుడు ఎక్కడా గట్టి ఎరుపు లేదు, ఎక్కడా తెలుపూ లేదు. వృత్తమంతా లేత గులాబీ. ఉతికినా పోని మరకలా ఉంది.

జశ్వంత్ పక్కన కూర్చుని చూశాడు.

"వెతుకుదామా?" అన్నాడు చివరికి.

"ఎక్కడని?"

"నీ వృత్తంలో. సామాన్లు నెత్తినెట్టుకుని, పిల్లల్నేసుకుని ఎంత దూరం పోతారే? రెండు కిలోమీటర్లు కూడా పోలేరు."

జనవరి 4, ఆదివారం

వృత్తంలో ఉత్తర భాగం. లేరు.

ఒక బేస్‌మెంటు తలుపు కొడితే ఎవరో ఆడమనిషి తెరవకుండానే లోపలి నుంచి హిందీలో "ఒకటే గది దీదీ" అంది. మేం ఏమీ అడగలేదు. జశ్వంత్ నా ముఖంలోకి చూశాడు. ఇద్దరం మెట్లెక్కి వచ్చేశాం.

జనవరి 10, శనివారం

ఒకటి రాసిపెట్టుకుంటున్నాను. రేపు వాళ్లు దొరికితే నేను ఏమీ అడగను. ఎంతమంది అని అసలే అడగను. చూస్తాను. కళ్లతో చూసి తెలుసుకుంటాను. ఆరుగురు ఉంటారు.

దుప్పట్లు రెండు కొన్నాను. చిన్నది ఒకటి విడిగా.

జనవరి 11, ఆదివారం

దొరికారు.

వృత్తం అంచుకు కాస్త లోపల, కాలువ గట్టున. మురుగు లైను వేయడానికి తెచ్చిన పెద్ద సిమెంటు పైపులు వరుసగా పడి ఉన్నాయి. మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. కాలువ అవతల అపార్టుమెంట్లకు పై అంతస్తులు లేవు, మంచు తినేసింది. కొన్ని పైపులకు ఒకవైపు ఇటుకలు పేర్చి మూశారు, రెండోవైపు గోనెపట్టా వేలాడదీశారు. వాటిలో జనం ఉన్నారు. చాలాకాలంగా ఉన్నట్టుంది. ఇటుకలకు పొగచూరింది.

జశ్వంత్ ఒక్కొక్క పట్టా ముందు ఆగి "ధర్మయ్యన్నా" అని పిలుస్తూ పోయాడు. నేను పిలవలేదు. నాకు శబ్దం వినిపించింది.

మ్మ్ అని సన్నగా, తెగకుండా. మోటారు.

ఇక్కడ మోటారు లేదు.

చివరి పైపు. పట్టా తొలగించాను. గోడా సిమెంటే, కప్పూ సిమెంటే. రెండూ ఒకటే. కిటికీ లేదు. వంపులో తీగకు గోడ గడియారం కట్టి ఉంది, కింద కుక్కరు. మేడమ్ కాగితం నా సంచిలోనే ఉంది, తీసి చూడనక్కరలేదు. చుక్కను ఎక్కడి నుంచి జరిపారో నాకు తెలిసింది. ఐదేళ్ల కింద సర్వే మనిషి ఇక్కడే, ఇలాగే వంగి, ఇలాంటి పట్టానే తొలగించి ఉంటాడు.

పెద్దపిల్ల మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చుని ఉంది. పెదవులు మూసుకుని ఆ శబ్దం చేస్తోంది. చేత్తో ఒక పాత చీర ఖాళీ మడతను ఊపుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు. మిగిలిన ఇద్దరూ అక్క వెనక ఒకే దుప్పట్లో ఉన్నారు. ధర్మయ్య మట్టి పనికి వెళ్లాడట, అన్నమ్మ చెప్పింది. మామూలు గొంతుతోనే చెప్పింది.

"రా మేడం. కూసో. కమల మేడం చీర ఆడనే ఉన్నది, సగమయింది. చెప్పు ఆమెకు."

లోపలికి వంగాను. తెచ్చిన దుప్పట్లు రెండూ ఆమె ముందు పెట్టాను. చిన్నది సంచిలోనే ఉంచేశాను.

అన్నమ్మ నా చేతులవైపు చూసింది. పుస్తకం కోసం చూస్తోందని తెలిసింది. నేను పుస్తకం తేలేదు, పెన్నూ తేలేదు.

"ఐదుగురం మేడం," అంది. "రాసుకో."

నేనింకా ఏమీ అడగలేదు.